ఎర్రపుల్ల పందెం

పడవ ముక్కు ఇంకా ఇసుకను తాకనే లేదు. కోట బురుజు మీద నుంచి రివ్వున వచ్చిన బాణం తెరచాప కొయ్యలో దిగబడి గజగజలాడింది.

"అమ్మ బాబోయ్!" అంటూ వంటవాడు గుండయ్య పడవ అడుగున బోర్లా పడ్డాడు. రెండో బాణం అతని తలపాగాను ఎగరేసుకుపోయి నీళ్ళలో పడేసింది. మూడో బాణం వచ్చేలోగా పైనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఎవరు మీరు? ఆడటానికొచ్చారా, దోచటానికొచ్చారా?"

"ఆడటానికే!" అని రాకుమారుడు ప్రసేనుడు రెండు చేతులూ పైకెత్తి కేకేశాడు. "ముత్యాల వర్తకుణ్ణి. వీడు నా వంటవాడు. మా దగ్గర కత్తీ లేదు, కటారీ లేదు."

ఆ మాట అన్నాడో లేదో, ఏనుగులు తోసినా కదలని కంచు తలుపులు కిర్రుమని తెరుచుకున్నాయి. బాణాలు ఆగిపోయాయి. బురుజు మీది మనిషి ఈటెను పక్కకు వంచి దారి చూపించాడు.

ప్రసేనుడి కనుబొమలు ముడిపడ్డాయి. ఇంత సులువుగా తెరుచుకునే కోట లోకంలో ఎక్కడైనా ఉంటుందా? తలుపు గట్టిగా మూసి ఉంటే అతనికి భయం ఉండేది కాదు. తెరిచి పెట్టిన తలుపును చూస్తేనే గుండెలో ఏదో గుచ్చుకుంది.

అది జాగరద్వీపం. దాని యజమాని ఉన్నిద్రుడనే మాంత్రికుడు. చీనా దేశపు ఓడల్లో వచ్చిన పాచికల ఆటను అక్కడ పెట్టి, మనుషుల నిద్రను పందెంగా గెలుచుకుంటున్నాడు. శైలావతి రాజ్యపు చిన్న రాకుమారుడు వసుషేణుడు వేటకని ఓడెక్కి, తోవ తప్పి ఇక్కడికొచ్చి, బతుకంతటి నిద్రనూ ఒక్క పూటలో పోగొట్టుకున్నాడు. నిద్ర పోగొట్టుకున్నవాడు ఈ కోటలో కావలివాడు. రెప్ప వాల్చనివాణ్ణి మించిన కావలి ఎక్కడ దొరుకుతుంది? బాగా కాపలా కాస్తే ఒక్క కునుకు తిరిగిస్తానని మాంత్రికుడు ఆశ పెడతాడు. ఇచ్చిన పాపాన మాత్రం పోలేదు. నిద్ర లేని ప్రాణం పక్షం రోజులు దాటదని శైలావతి రాజవైద్యుడు ఖండితంగా చెప్పేశాడు. వసుషేణుడు పున్నమినాడు ఓడాడు. రేపు అమావాస్య. అన్న ప్రసేనుడు పరుగుపరుగున వచ్చింది అందుకే.

"ప్రభూ..." అన్నాడు గుండయ్య.

"సెట్టిగారూ అనమని ఎన్నిసార్లు చెప్పానురా?"

"అదే, సెట్టిగారూ. మనం తిరిగి ఎళ్ళిపోదామా?"

"నోరు మూసుకుని నడు."

ఇద్దరూ లోపలికి నడిచారు. గోడల వెంట వరుసగా నిలబడ్డ కావలివాళ్ళ కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఒక్కడూ రెప్ప ఆర్పడు. గుండయ్య వాళ్ళను చూడలేక నేల చూపులు చూస్తూ ప్రసేనుడి ఉత్తరీయం కొస పట్టుకుని నడిచాడు.

గుమ్మం దగ్గర ఒక సేవకుడు వంగి నమస్కరించి ఇద్దరి చేతుల్లో చెరొక ఎర్రనూలు తాడు పెట్టాడు.

"ఇదెందుకయ్యా?" అని అడిగాడు ప్రసేనుడు.

"ముళ్ళు వేసుకోటానికండి. చిన్న పడితే ఒక ముడి, పెద్ద పడితే రెండు ముళ్ళు. ఆట ఎటు పోతుందో మీకే తెలిసిపోతుంది. ఊరికే ఇస్తామండి, వెల లేదు."

ప్రసేనుడు తాడును ముక్కు దగ్గర పెట్టి వాసన చూశాడు. విషపు వాసన లేదు. లాగి చూశాడు. మామూలు నూలే. అయినా నమ్మకం కుదరక దాన్ని వేలికి చుట్టుకోకుండా నడుముకు దోపుకున్నాడు.

ఇక ఆ ఆటశాల వైభవం ఏమని చెప్పేది! పగడపు స్తంభాలు, ఆ స్తంభాలను చుట్టుకుని వెండి నాగులు, నాగుల పడగల మీద వెలుగులు చిమ్మే వైడూర్యాలు. నెమలి పింఛాల రంగులన్నీ తెచ్చి పరిచినట్టున్న పింగాణీ నేల. ఆకాశపు రంగు పట్టు తెరలు ఒకదాని వెనక ఒకటి గాలికి ఊగుతుంటే సముద్రం ఇంట్లోకి వచ్చినట్టుంది. పైకప్పు నుంచి బండి చక్రమంత అగరుచుట్ట వేలాడుతూ మెల్లగా కాలుతోంది. ఇంతా చూసి మురిసిపోబోయిన గుండయ్య గోడల వైపు చూసి గతుక్కుమన్నాడు. గోడ నిండా గూళ్ళు. గూటికొక నీలి పింగాణీ జాడీ. జాడీ మూతికి పట్టుగుడ్డ బిగించి కట్టి ఉంది. ఆ జాడీలన్నీ గురక పెడుతున్నాయి.

"రండి, రండి సెట్టిగారూ!" అని జూదరులు మూగిన బల్ల వెనక నుంచి ఉన్నిద్రుడు పిలిచాడు.

ముఖం చూస్తే ఇరవై ఏళ్ళ నూనూగు మీసాలవాడు. చేతులు చూస్తే కాటికి కాళ్ళు చాపుకున్న ముసలివాడివి. జూదంలో గెలిచి తాగిన నిద్రంతా ముఖానికే పట్టినట్టుంది, చేతులకు అందలేదు కాబోలు.

"ఆట తెలుసా?" అని అడిగాడు మాంత్రికుడు.

"తెలిసినా మీ నోటితో వినాలని ఉంది" అన్నాడు ప్రసేనుడు.

మాంత్రికుడు గిన్నెలో మూడు పాచికలు వేసి మూత పెట్టి ఆడించాడు. "ఇలా ఆడించి బల్ల మీద పెడతాను. మూత తీయక ముందే మీరు పందెం కాయాలి. మూడు పాచికల చుక్కలూ కలిపి నాలుగు నుంచి పది దాకా అయితే చిన్న. పదకొండు నుంచి పదిహేడు దాకా అయితే పెద్ద. కాసింది పడితే కాసినంత మీకు. మూడు పాచికలూ ఒకే ముఖం చూపిస్తే అది త్రికం. త్రికం పడితే పెద్ద కాసినా చిన్న కాసినా అంతా నాది. ఏ త్రికం పడుతుందో ముందే చెప్పి దాని మీదే కాస్తే మాత్రం నూటయాభై ఇంతలు నేనే ఇచ్చుకుంటాను. పందెం ఈ వెదురుపుల్లలతో. పచ్చపుల్ల ఒక రాత్రి నిద్ర. ఎర్రపుల్ల బతుకంతటి నిద్ర. పైన అగరుచుట్ట ఆరేలోగానే ఎర్రపుల్ల కాయాలి, ఆరాక కుదరదు. ఒక విసురుకు కాయకుండా ఊరుకుంటే ఒక గిన్నె తేయాకు నీళ్ళు తాగాలి. అది చీనావాళ్ళ మర్యాద. కుర్చీ వదిలితే ఆట వదిలినట్టే."

"నాకు శైలావతి చిన్న రాకుమారుడి నిద్ర కావాలి. దానికి ఎదురుగా నా ఎర్రపుల్ల పెడతాను" అన్నాడు ప్రసేనుడు. "రాచబిడ్డల నిద్రకు మా సంతలో మంచి గిరాకీ ఉంది."

ఉన్నిద్రుడు పకపక నవ్వాడు. "అన్నగారికి తప్ప ఆ నిద్ర ఇంకెవరికి కావాలి, ప్రసేనా? కూర్చో నాయనా, కూర్చో. ఆ గడ్డం తీసెయ్, దురద పెడుతుంది."

గుండయ్య చప్పున గుమ్మం వైపు తిరిగాడు. ప్రసేనుడు మాత్రం పెట్టుడు గడ్డం ఊడబీకి బల్ల మీద పడేసి కుర్చీలో కూర్చున్నాడు. మారువేషం తెలిసీ లోపలికి రానిచ్చాడంటే మోసం ఎక్కడో ఉండే ఉంటుంది. ఎక్కడుంది? పాచికల్లోనా? గిన్నెలోనా? ఆ ముసలి చేతుల్లోనా?

"పాచికలు చూడవచ్చా?" అని అడిగాడు.

"భేషుగ్గా చూడు."

తెల్లని ఎముక పాచికలు. ఒకటీ నాలుగూ ఎర్రచుక్కలు, మిగిలినవి నల్లచుక్కలు. ఒకటి మీది చుక్క మిగతావాటికంటే పెద్దది. లోపల సీసం పోసి ఉంటే బరువైన పక్క ఎప్పుడూ కిందికే పోతుంది గదా అని, ప్రసేనుడు ఒక్కొక్క పాచికనూ తేయాకు నీళ్ళలో వేసి చూశాడు. ఒకసారి ఆరు పైకొచ్చింది. ఒకసారి రెండు. ఒకసారి అయిదు. మళ్ళీ మళ్ళీ వేశాడు. ఏ రెండుసార్లూ వరుస కుదరలేదు. సీసం లేదు.

అంతటితో అనుమానం తీరాలి. తీరలేదు సరికదా ముదిరింది.

"గిన్నె మార్చండి" అన్నాడు.

మాంత్రికుడు మార్చాడు.

"మూత కూడా."

మూతా మారింది. కింద పెట్టే పళ్ళెం కూడా మారింది. "నా గోళ్ళు కత్తిరించమంటావా? చెప్పు, మంగలిని పిలిపిస్తా" అన్నాడు ఉన్నిద్రుడు. పక్కనున్న జూదరులు కిసుక్కుమన్నారు.

ఆట మొదలైంది. పాచికలు గలగలలాడాయి, మూత లేచింది. చిన్న. మళ్ళీ గలగల, మళ్ళీ మూత. మళ్ళీ చిన్న. పచ్చపుల్లలు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పరుగులు తీశాయి. ఒకడు గెలిచి గంతేశాడు, ఒకడు ఓడి నెత్తి కొట్టుకున్నాడు. ప్రసేనుడు మాత్రం కాయలేదు. రెప్ప వేయకుండా మాంత్రికుడి చేతులు చూస్తూ, కాయని ప్రతి విసురుకూ ఒక గిన్నె తేయాకు నీళ్ళు తాగాడు. మొదటి గిన్నె విషమేమోనని గుటక గుటకకూ ఆగి తాగాడు. తర్వాత ఆ భయం పోయింది. వేరే బాధ మొదలైంది. గిన్నెలు పేరుకున్నాయి. కుర్చీ వదలకూడదాయె.

గుండయ్య వంగి చెవిలో అడిగాడు. "ఏటి బాబూ, ఏం కనిపెట్టారు?"

"మోసం లేదురా. అదే నాకు నచ్చటం లేదు. విను. మూడు పాచికలూ కలిసి రెండువందల పదహారు తీరులుగా పడతాయి. అందులో నూటఅయిదు పెద్దవి. నూటఅయిదు చిన్నవి. మిగిలిన ఆరూ త్రికాలు, ఆ ఆరూ ఆయనవి."

"ఆరేనా? పోనిద్దురూ! ఇల్లుగలాయనకి ఆ మాత్రం వదలకపోతే ఎలా?"

"ఒక్క విసురుకు ఆరే. పొద్దంతా కూర్చుంటే? విసురు విసురుకూ ఆయన వాటా ఆయనకు పోతూనే ఉంటుంది."

గుండయ్య వంటవాడు గదా, ఆ లెక్క చప్పున బుర్రకెక్కింది. "అంటే రుచి చూసే వంకతో గరిటెడు గరిటెడు తాగి కుండ ఖాళీ చేసినట్టన్నమాట!"

"అదే. త్రికానికి నూటయాభై ఇంతలు ఇస్తాడట, ఆహా ఏమి దానమో! న్యాయంగా అయితే రెండువందల పదిహేను ఇవ్వాలి. ఈయనకు మంత్రమూ అక్కర్లేదు, మాయా అక్కర్లేదు. మనం కూర్చుని ఉంటే చాలు. కాబట్టి నేను కాసేది ఒక్కసారే. గెలిచినా ఓడినా మళ్ళీ కాయను."

"ఓడితేనో?"

"ఓడితే నువ్వొక్కడివే పడవెక్కు. అమ్మగారితో మెల్లగా చెప్పు."

గుండయ్య కళ్ళు తుడుచుకున్నాడు. ప్రసేనుడు చూడనట్టు నటించాడు.

"నాయనా," అంది పక్క కుర్చీలోంచి ఒక బొంగురు గొంతు. బక్కచిక్కిన ముసలాయన. పేరు పేరంభట్టు. ఆయన నడుము చుట్టూ ఎర్రతాడు ముళ్ళు ముళ్ళుగా పేరుకుని పాముల బుట్టలా ఉంది. "కుర్రాడివి, బుద్ధిమంతుడిలా ఉన్నావు. తొందరపడి కాయటం లేదు, బాగుంది. కానీ తాడు కట్టటం లేదేం? చూడు, ఇప్పటికి వరసగా తొమ్మిది చిన్నలు పడ్డాయి. ఇక పెద్ద పడి తీరాలి. ఎక్కడికి పోతుంది?"

ప్రసేనుడు ఆయన్ను ఎగాదిగా చూశాడు. ఎవరీ ముసలాయన? అడగకుండా సలహా చెప్పటానికి తనకేం చుట్టం? మాంత్రికుడి మనిషా?

"పాచికకు పోయిన విసురు గుర్తుండదు తాతా" అన్నాడు ముక్తసరిగా.

"దానికి గుర్తుండకపోతే నా తాడుకు గుర్తుంది నాయనా. మొన్నటికి మొన్న ఎనిమిది చిన్నల తర్వాత పెద్ద పడింది. నా మనవరాలి మీద ఒట్టు."

ఆ మాటతో ప్రసేనుడి చేయి నడుముకు దోపిన తాడు మీదికి పోయింది. తాడు! గుమ్మంలో వెల లేకుండా ఇచ్చిన తాడు! పాచికలను అనుమానించాడు, గిన్నెను అనుమానించాడు, చివరికి తేయాకు నీళ్ళను కూడా అనుమానించాడు. తాడును మాత్రం వాసన చూసి వదిలేశాడు. ఈ మనుషుల్ని కుర్చీల్లో కట్టిపడేసింది అదే. ముళ్ళు పెరిగేకొద్దీ తీరు తెలిసిపోయిందనుకుంటారు. ఇంకొక్క విసురనుకుంటారు. ఆయనేమో ఆరేసి చొప్పున తీసుకుంటూ కూర్చుంటాడు.

"తాతా, లేచి ఇంటికి పో. నీకు దండం పెడతాను, కాయకు!"

పేరంభట్టు వినిపించుకోలేదు. చేతిలో మిగిలిన పచ్చపుల్లలన్నీ బల్ల మీదికి తోశాడు. అది చాలక ఎర్రపుల్ల తీసి 'పెద్ద' గడిలో పెట్టేశాడు. ప్రసేనుడు మణికట్టు పట్టుకున్నాడు. ముసలాయన విదిలించుకున్నాడు.

"వదులయ్యా! పోయినవన్నీ ఈ దెబ్బకు తిరిగొస్తాయి. నా మనవరాలి పెళ్ళికి కంటినిండా నిద్రపోయి లేచి వెళ్తాను."

మూత లేచింది. అయిదు. అయిదు. అయిదు.

"పదిహేను! పెద్ద! పెద్ద!" అని పేరంభట్టు కుర్చీలోంచి ఎగిరి చప్పట్లు కొట్టాడు. "చెప్పానా నాయనా? చెప్పానా?" ఆయన సంతోషం చూసి బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు తలలు దించుకున్నారు. ఆయనే మళ్ళీ పాచికల వైపు చూశాడు. మూడు అయిదులు. త్రికం. చప్పట్లు కొట్టే చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

ఉన్నిద్రుడు ఎర్రపుల్లను వేలితో దగ్గరకు లాక్కున్నాడు. గోడ గూట్లో ఖాళీగా ఉన్న ఒక జాడీ సన్నగా గురక మొదలెట్టింది. పేరంభట్టు కళ్ళు విప్పారాయి, అలాగే ఉండిపోయాయి. ఎవరో ఆయన చేతిలో ఈటె పెట్టి భుజం పట్టుకుని బయటికి నడిపించారు. పాపం, ఆ ముసలాయన మాంత్రికుడి మనిషి కాదు, ఎవరి మనిషీ కాదు. ప్రసేనుడికి సిగ్గుతో తల వంగిపోయింది.

"బాబుగారూ!" గుండయ్య భుజం గిల్లాడు. "పైకి చూడండి, పైకి!"

అగరుచుట్ట దాదాపు కాలిపోయింది. చిటికెన వేలంత ముక్క మాత్రం ఎర్రగా మెరుస్తోంది.

ఉన్నిద్రుడు నవ్వుతూ గిన్నె తుడుస్తున్నాడు. "అనుమానం మంచిదే ప్రసేనా. మీ తమ్ముడికి అది అసలు లేదు, గబగబా ఆడి ఓడాడు. నీకు అదే ఎక్కువైంది. ఇంకొక్క గిన్నె తాగు. చుట్ట ఆరాక తమ్ముణ్ణి ఒకసారి చూసుకుని పోదువుగాని."

మోసం కోసం వెతికేవాడికి వెతుకులాటే ఉచ్చు. ఆ సంగతి ఇంత ఆలస్యంగా తెలిసినందుకు ప్రసేనుడికి తన మీద తనకే మండుకొచ్చింది.

"ఆడించండి!" అని గర్జించాడు.

పాచికలు గలగలలాడాయి. గిన్నె బల్ల మీద కూర్చుంది. మాంత్రికుడు ఒక వెదురుపుల్లను ప్రసేనుడి నుదుటికి తాకించాడు. పుల్ల ఎర్రబడింది. వసుషేణుడి ఎర్రపుల్ల దాని ఎదుట పడింది. పెద్దా, చిన్నా? రెండూ ఒకటే. ఆలోచించి తేలేది ఏమీ లేదు. చేతికి దగ్గరగా ఉన్న గడి 'చిన్న'. అందులోనే పుల్ల పెట్టేశాడు. అగరు నిప్పు టప్పున ఆరింది.

ఉన్నిద్రుడు మూతను ఒక పక్కగా, వేలి మందం మాత్రమే ఎత్తాడు. వాడికి అదో సరదా. మొదటి పాచిక కనిపించింది. ఎర్రచుక్కలు, నాలుగు. మూత ఇంకొంచెం లేచింది. రెండోది కూడా ఎర్ర నాలుగు.

గుండయ్య వేళ్ళు ముడిచి లెక్క మొదలెట్టాడు. నాలుగూ నాలుగూ ఎనిమిది. మూడోది ఒకటో రెండో పడితేనే చిన్న. మూడు, అయిదు, ఆరు పడితే పెద్ద, ఓటమి. నాలుగు పడితే త్రికం, అదీ ఓటమే.

మూత నీడలో మూడో పాచిక అంచు మెరిసింది. ఎరుపు.

ఎరుపంటే ఒకటైనా కావాలి, నాలుగైనా కావాలి. ఒకటైతే తమ్ముడు బతుకుతాడు. నాలుగైతే ఇద్దరన్నదమ్ములూ ఒకే గోడ మీద కావలి. గుండయ్య కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మూత పూర్తిగా లేచింది.

మధ్యలో ఒకే ఒక్క పెద్ద ఎర్రచుక్క.

"తొమ్మిది!" అని జూదరులంతా ఒక్క గొంతుతో అరిచారు. "చిన్న!"

గుండయ్య ప్రసేనుణ్ణి వాటేసుకుని ఏడ్చాడు. అంతలోనే చెవిలో, "ముందు గోడ వారకి ఎళ్ళొద్దామా బాబూ? గంపెడు గిన్నెలు తాగారు" అన్నాడు. ఉన్నిద్రుడు మాత్రం అలిగినట్టు కూడా లేడు. గూట్లోంచి ఒక నీలి జాడీ తీసి ఎంతో మర్యాదగా బల్ల మీద పెట్టాడు.

"మెచ్చుకున్నాను. ఇంకొక్కసారి ఆడతావా? నీ ఎర్రపుల్ల ఒక్కటీ పెట్టు. నేను ఈ గోడ మీది జాడీలన్నీ పెడతాను. నీకోసం కొత్త అగరుచుట్ట వెలిగిస్తాను. బయటికి వెళ్ళిన ఆ ముసలాయన జాడీ కూడా ఇందులోనే ఉంది సుమా."

గోడంతా గురక పెడుతోంది. ప్రసేనుడి చేయి తనకు తెలియకుండానే బల్ల వైపు కదిలింది. ఒక్క విసురు! ఒక్క విసురుతో ఇంతమందీ బతుకుతారు. కానీ ఓడితే తమ్ముణ్ణి ఈ కోట దాటించేదెవరు? ఆ ముసలాయన్ను వదిలి వెళ్ళటం కన్నా ఆ గిన్నె ముందు మళ్ళీ కూర్చోవటం సులువనిపించింది. సులువనిపించగానే ఉలిక్కిపడ్డాడు. జాడీ చంకన పెట్టుకుని చరచరా బయటికి నడిచాడు.

వెనక నుంచి మాంత్రికుడి గొంతు తేనెలా వినిపించింది. "గెలిచినవాళ్ళు మళ్ళీ వస్తారు ప్రసేనా. ఎదురు చూస్తుంటాను. జాడీ మాత్రం ఇంటికెళ్ళాకే విప్పు, గాలి తగిలితే పాడవుతుంది."

బురుజు మెట్లు ఎక్కుతున్న ప్రసేనుడు టక్కున ఆగాడు.

ఇంటికెళ్ళాకే ఎందుకు? ఇది తమ్ముడి నిద్రేనా? ఏ బిచ్చగాడి కునుకో కట్టి ఇచ్చి, నడిసముద్రంలో తెలిసేలా చేశాడా? ఈ అనుమానం వదిలించుకోవటానికి ఈసారి అతను ప్రయత్నించలేదు. మూడేసి మెట్లు ఒక్కొక్క అంగలో దూకుతూ బురుజు మీదికి పరుగెత్తాడు. ఇద్దరు కావలివాళ్ళు ఈటెలు అడ్డం పెట్టారు. ఒకదాని కింది నుంచి దూరాడు, రెండోదాన్ని మోకాలితో విరగ్గొట్టాడు. గుండయ్య వెనక నుంచి "తప్పుకోండి, తప్పుకోండి బాబూ, వేణ్ణీళ్ళు, వేణ్ణీళ్ళు!" అని వంటింటి కేకలు పెడుతూ గుంపును చీల్చుకొచ్చాడు.

పడమటి ఎండ బురుజంతా పరుచుకుని ఉంది. చివరి మూల, సముద్రం వైపు తిరిగి వసుషేణుడు నిలబడి ఉన్నాడు. చెంపలు పీక్కుపోయాయి. ఈటెను పట్టుకుని నిలబడ్డాడో, ఈటే అతన్ని నిలబెట్టిందో తెలియటం లేదు.

"తమ్ముడూ!"

వసుషేణుడు తల తిప్పాడు. ఎర్రబారిన కళ్ళు అన్నను ఎక్కడో దూరం నుంచి గుర్తుపట్టాయి.

"అన్నయ్యా... వచ్చావా? ఈ కళ్ళు కాస్త మూయవా? నా వల్ల కావటం లేదు."

ప్రసేనుడు పళ్ళతో పట్టుగుడ్డ ముడి విప్పాడు. జాడీలోంచి తెల్లని ఆవిరి లేచి వసుషేణుడి ముఖాన్ని తడిమింది. అతని రెప్పలు ఒకసారి వణికాయి. మెల్లగా వాలాయి. ఈటె చేతిలోంచి జారిపోయింది. అన్న భుజం మీద తల వాల్చి, చిన్నప్పుడు అమ్మ ఒడిలో పడుకున్నట్టే నోరు కాస్త తెరిచి, హాయిగా నిద్రపోయాడు. అది అచ్చంగా తమ్ముడి నిద్రే. ప్రసేనుడు అతన్ని పొదివి పట్టుకుని కింద కూలబడి భోరున ఏడ్చాడు.

తల ఎత్తేసరికి చుట్టూ ఈటెలు. కోటలో కావలివాళ్ళంతా ఆ మూలకు చేరుకున్నారు. ముందు వరుసలో పేరంభట్టు ఉన్నాడు. వందల ఎర్రకళ్ళు రెప్ప ఆర్పకుండా చూస్తున్నాయి. ప్రసేనుడు తమ్ముడి మీదికి వంగి తన వీపు అడ్డం పెట్టాడు. గుండయ్య చేతికి దొరికిన ఖాళీ జాడీ ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. కానీ ఎవరూ పొడవలేదు. వాళ్ళు చూస్తున్నది ప్రసేనుణ్ణి కాదు. పడుకున్న మనిషి ముఖాన్ని. నిద్ర ఎలా ఉంటుందో వాళ్ళు చూసి ఎన్నాళ్ళయిందో!

"ఇక్కడ విప్పొద్దన్నానా!" మెట్ల మీద నుంచి ఉన్నిద్రుడు రొప్పుతూ దూసుకొచ్చాడు. వాడి నునుపైన ముఖంలో మొదటిసారి భయం కనిపించింది. "ఏం చూస్తున్నారు? పొడవండి! వాణ్ణి లేపండి! లేపినవాడికి ఒక కునుకు ఇస్తాను! రెండు ఇస్తాను!"

ఒక్క ఈటె కూడా కదలలేదు. వసుషేణుడు ఆ కేకకు నిద్రలోనే చిన్నగా మూలిగి పక్కకు ఒత్తిగిలాడు. పేరంభట్టు వెనక్కి తిరిగాడు. పెదాల మీద వేలు పెట్టుకుని మాంత్రికుడి వైపు కోపంగా చూశాడు.

"ష్... మెల్లగా. పిల్లాడు పడుకున్నాడు."

ఉన్నిద్రుడు మంత్రం చదవటానికి నోరు తెరిచాడు. కావలివాళ్ళంతా, ఒక్క అడుగు చప్పుడైనా కాకుండా, వాడి వైపు తిరిగి ఈటెలు గురిపెట్టారు.